ఆ చిట్టెలుక వయసెంత? మొక్కల మందులు, ముసలి ఇమ్యూనిటీ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో ఫార్మకాలజీ పాఠాలు చెబుతూ, కాలేజీలో ప్రయోగాల జంతువుల్ని పెంచే ఏనిమల్ హౌస్ బాధ్యత కూడా చాలా ఏళ్ళు చూశాను. రిటైరయ్యాక పొద్దున్నే ఆర్.కె. బీచ్‌కి నడకకి వెళ్తాను. కాళీమాత గుడి దాటేలోపు కనీసం ఒకరైనా ఆపి, ఫోను నా ముక్కు దగ్గర పెడతారు. "మాస్టారూ, ఇది చూశారా? ఎలుకల మీద పనిచేసిందట. ముసలితనం వెనక్కి పోయిందట. మనం కూడా మొదలెట్టేద్దామా?" కోవిడ్ తర్వాత ఇది మరీ ఎక్కువైంది. అడిగేవాళ్ళు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇమ్యూనిటీకి ముసలితనం ఏమిటి? జుట్టులా అదీ నెరుస్తుందా?

నెరవదు, అరుగుతుంది. రొమ్ము ఎముక వెనక, గుండెకి కాస్త పైన థైమస్ అని ఒక గ్రంథి ఉంటుంది. ఎముకల మూలుగలో పుట్టిన కణాలు ఇక్కడికొచ్చి, ఎవడు మనవాడో ఎవడు పరాయివాడో నేర్చుకుని, టీ-కణాలుగా బయటికి వెళ్తాయి. ఈ బడి చిన్నప్పుడే జోరుగా నడుస్తుంది. యుక్తవయసు దాటాక గ్రంథి కుంచించుకుపోయి, ఆ జాగాలో కొవ్వు చేరుతుంది. కొత్త బ్యాచ్‌లు తగ్గిపోతాయి. అరవై దాటిన మనిషి ఒంట్లో పాత జబ్బుల్ని గుర్తుపెట్టుకున్న కణాలకి కొదవ ఉండదు. కొత్త వైరస్‌ని మొదటిసారి చూసి పట్టుకోవాల్సిన కణాలే కరువు.

ఆరు వారాల చిట్టెలుక ఛాతీ తెరిస్తే గుండె మీద రెండు తెల్లటి రేకులు అతుక్కుని కనిపిస్తాయి, మల్లెమొగ్గని రెండుగా చీల్చి పెట్టినట్టు. రెండేళ్ళ చిట్టెలుకలో అదే చోట వెతుక్కోవాలి. దొరికినా అది థైమసో కొవ్వో తేల్చడానికి స్లైడు చేసి చూడాల్సిందే. మా విద్యార్థుల్లో సగం మంది మొదటిసారి కొవ్వునే తూకం వేసి రికార్డులో రాసేవారు.

అరుగుదలతో పాటు ఇంకోటి జరుగుతుంది. ఒంట్లో ఏ జబ్బూ లేకపోయినా సన్నగా, నివురు కప్పిన నిప్పులా వాపు లక్షణం (ఇన్‌ఫ్లమేషన్) కొనసాగుతూ ఉంటుంది. దీనికి ఇటలీకి చెందిన క్లాడియో ఫ్రాన్సెస్కీ బృందం 2000లో 'ఇన్‌ఫ్లమేజింగ్' అని పేరు పెట్టింది. విభజన ఆపేసి, అలాగని చావకుండా, చుట్టుపక్కలకి వాపు రసాయనాలు వదులుతూ కూర్చునే కణాలు ఈ కుంపటిని ఎగదోస్తాయి. వీటిని సెనసెంట్ కణాలంటారు. మొక్కల పదార్థాల మీద ఇప్పుడు నడుస్తున్న హడావుడిలో చాలా భాగం వీటి చుట్టూనే.

2021లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక ప్రయోగం నాకు భలే నచ్చింది. డీఎన్ఏ మరమ్మతుకి అవసరమైన ఒక జన్యువుని చిట్టెలుకల రక్తకణాల్లో మాత్రమే తీసేశారు. మిగతా ఒళ్ళంతా మామూలే. అయినా కొన్నాళ్ళకి లివర్, కిడ్నీల వంటి అవయవాల్లో కూడా ముసలితనం గుర్తులు వచ్చేశాయి. అంటే ఇమ్యూనిటీ ఒక్కటే ముసలిదైనా, మిగతా ఒంటిని కూడా తనతో లాక్కుపోతుందన్నమాట.

చిట్టెలుకే ఎందుకు? ఎన్నాళ్ళకి అది ముసలిది?

తొందరగా ముసలిదవుతుంది కాబట్టి. లాబ్ చిట్టెలుక సుమారు రెండు, రెండున్నరేళ్ళు బతుకుతుంది. 18 నుంచి 24 నెలల వయసుని మనిషి లెక్కలో 56 నుంచి 69 ఏళ్ళతో పోలుస్తారు. రెండు నెలలదైతే పెళ్ళి కాని కుర్రాడు.

ఫోనులో ఏ వార్త వచ్చినా మొదట ఇదొక్కటి వెతకండి: ఆ చిట్టెలుక వయసెంత? నేను చూసినంతలో ఇమ్యూనిటీ పెంచిందని చెప్పే మొక్కల ప్రయోగాల్లో ఎక్కువ భాగం కుర్ర జంతువుల మీద చేసినవే.

అదేటండీ, ముసలితనం గురించి చెప్తూ కుర్ర ఎలుకల మీద చేస్తారా?

చేస్తారు, నేనూ చేయించాను. కారణం డబ్బు, టైము. ముసలి చిట్టెలుక బజార్లో దొరకదు. కుర్రదాన్ని తెచ్చి ఏడాదిన్నర పైన మేపాలి. రోజూ మేత, నీళ్ళు, వారానికి రెండుసార్లు బోనులో ఊక మార్చడం, 12 గంటలు లైటు, 12 గంటలు చీకటి, 22 డిగ్రీలకి అటూ ఇటూగా ఏసీ. విశాఖ గాలిలో తేమ సంగతి మీకు తెలిసిందే, ఒక్క రాత్రి ఏసీ ఆగితే ఊక ముద్దయిపోతుంది. ఎంఫార్మ్ విద్యార్థి ప్రాజెక్టుకి ఉండేది ఏడాది లోపు సమయం. వాడు ముసలి ఎలుక కోసం కూర్చుంటే వాడి పెళ్ళి కూడా అయిపోతుంది.

అందుకే అడ్డదారులు వచ్చాయి. ఒకటి డీ-గెలాక్టోజ్. ఈ చక్కెరని కుర్ర ఎలుకకి ఆరు నుంచి ఎనిమిది వారాలు రోజూ ఇంజెక్షన్ చేస్తే ముసలితనంలో కనిపించే కొన్ని గుర్తులు వస్తాయి. రెండోది సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు. అది ఇస్తే తెల్లరక్తకణాలు పడిపోతాయి. అప్పుడు మొక్క కషాయం పోసి, కణాలు మళ్ళీ పెరిగాయా లేదా చూస్తారు. పెరిగితే పేపరు రాస్తారు. పేపరు వచ్చాక ఎవరో వీడియో చేస్తారు. ఆ వీడియోనే పొద్దున్న బీచ్‌లో నా ముక్కు దగ్గరికి వస్తుంది.

సైక్లోఫాస్ఫమైడ్‌తో పడగొట్టిన ఇమ్యూనిటీ, వయసుతో అరిగిన ఇమ్యూనిటీ ఒకటి కావు. మొదటిది కరెంటు పోయిన ఇల్లు, మీట వేస్తే లైటు వెలుగుతుంది. రెండోది వైరింగే పాతబడిన ఇల్లు. ఇది చెబితే కొంతమంది తోటి మాస్టార్లకి కోపం వస్తుంది, నాకు తెలుసు.

నిజంగా ముసలి ఎలుకల్ని పెంచుదామని ఒకసారి పట్టుబట్టాను. విస్టర్ ఎలుకలు, పదహారు నెలలు మేపాం. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ వచ్చింది. కిటికీ అద్దాలు పగిలాయి, కరెంటు పోయింది, జనరేటర్ డీజిల్ మర్నాటికల్లా అయిపోయింది. ఊళ్ళో పాల ప్యాకెట్టే దొరకని రోజులవి, డీజిల్ ఎక్కడ తెస్తాం? అటెండరూ నేనూ బోనులన్నీ వరండాలోకి మోసుకొచ్చి, తడిగోనెలు కట్టి, అట్టముక్కలతో విసిరాం. ఎలుకలు చాలా వరకు బతికాయి. ప్రయోగం బతకలేదు. ఒత్తిడి పెరిగితే ఎలుక థైమస్ కుంచించుకుపోతుందని హాన్స్ సెలియే 1936లోనే చూపించాడు. అలాంటి తుపానులో మూడు రోజులు గడిపిన ఎలుకకి థైమస్ తగ్గితే వయసు వల్లో, గాలి హోరు వల్లో, వేడి వల్లో ఎలా చెప్తాం? "డేటా డేటాయే కదా, రాసేద్దాం" అన్నారొకాయన. నేను రాయనివ్వలేదు. మళ్ళీ ముసలి ఎలుకల జోలికి పోయే ఓపికా మాకు లేకపోయింది.

"ఇమ్యూనిటీ పెరిగింది" అంటారు. అదేమైనా బీపీలా కొలిచే వస్తువా?

కాదు. ఒకే అంకెలో ఇమ్యూనిటీని చెప్పే పరీక్ష లేదు. మన దగ్గర ఫార్మసీ కాలేజీల్లో ఎక్కువగా చేసేది గొర్రె రక్తంతో పరీక్ష.

తెల్లవారుజామున కబేళాకి వెళ్ళేవాళ్ళం. చేతిలో గాజు సీసా, అందులో సగం వరకు ఆల్సీవర్ ద్రావణం, రక్తం గడ్డ కట్టకుండా. అంతే కొలత రక్తం పట్టుకుని, ఐసు పెట్టెలో పెట్టి, స్కూటర్ మీద తేవాలి. సెలైన్‌తో మూడుసార్లు కడిగి, ఎర్రకణాల్ని మాత్రం ఉంచి, చిట్టెలుకకి ఇంజెక్షన్ చేస్తాం. గొర్రె కణం ఎలుకకి పరాయిది కాబట్టి యాంటీబాడీలు తయారవుతాయి. వారం రోజుల తర్వాత ఎలుక రక్తం నుంచి సీరం తీసి, సగానికి సగం పలచన చేసుకుంటూ గుంటల ప్లేటులో వేసి, ప్రతి గుంటలో గొర్రె కణాలు కలుపుతాం. కాసేపు కదపకుండా ఉంచి కిందనుంచి చూస్తే, యాంటీబాడీ ఉన్న గుంటలో కణాలు అడుగంతా పలచటి తెరలా పరుచుకుంటాయి. లేని గుంటలో అన్నీ జారి మధ్యలో చేరి చిన్న కుంకుమ బొట్టులా నిలుస్తాయి. బొట్టు ఎన్నో గుంటలో మొదలైందో అదే లెక్క. ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాని పరీక్ష ఇది.

ముచ్చటైన పరీక్షే. కాకపోతే అది చెప్పేది చాలా కొంచెం. గొర్రె కణాలకి యాంటీబాడీ పెరిగిందంటే ఫ్లూ వస్తే తట్టుకుంటుందని కాదు. ఇంకా పాదంలో వాపు కొలుస్తారు, ప్లీహం (స్ప్లీన్) తూకం వేస్తారు, రక్తంలోకి ఇండియన్ ఇంకు పంపి ఎంత తొందరగా శుభ్రమవుతుందో చూస్తారు. ప్లీహం పెరగడం మంచికే అని రాసే పేపర్లున్నాయి. జబ్బు చేసినా ప్లీహం పెరుగుతుంది.

ఖర్చు పెట్టగల లాబ్‌లు కణాల్ని రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్ అనే యంత్రంతో కొత్త టీ-కణాలు ఎన్ని, పాతవి ఎన్ని లెక్కపెడతాయి. అన్నిటికంటే గట్టి పరీక్ష ఒక్కటే: ముసలి జంతువుకి నిజంగా జబ్బు అంటించి, బతికిందా లేదా చూడటం.

సరే, ఆ గట్టి పరీక్షలో నెగ్గిన మొక్క పదార్థం ఒక్కటైనా ఉందా?

ఉంది. పేరు ఫైసెటిన్. స్ట్రాబెర్రీ, ఆపిల్, ఉల్లిపాయల్లో ఉండే పసుపుపచ్చ పదార్థం. 2018లో అమెరికా బృందం ఒకటి దీన్ని మనిషి లెక్కలో అరవై దాటిన చిట్టెలుకలకి పెట్టి, సెనసెంట్ కణాలు తగ్గాయని, ఆయుష్షు పెరిగిందని రాసింది.

2021లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ప్రయోగం ఇంకా రసవత్తరంగా ఉంటుంది. లాబ్ చిట్టెలుక అతిశుభ్రంగా పెరుగుతుంది. జలుబు కూడా ఎరగదు. దాని ఇమ్యూనిటీ మనలాంటి వాళ్ళ ఇమ్యూనిటీలా ఉండదు, పసిపిల్లల ఇమ్యూనిటీకి దగ్గరగా ఉంటుందని అంతకుముందే తేలింది. అందుకని ఆ పరిశోధకులు పెంపుడు జంతువుల షాపు నుంచి తెచ్చిన చిట్టెలుకల బోనులో ఊక తీసుకొచ్చి, ముసలి లాబ్ చిట్టెలుకల బోనులో వేశారు. ఊకతో పాటు లోకంలోని సూక్ష్మజీవులన్నీ వచ్చాయి, చిట్టెలుకలకి వచ్చే కరోనా జాతి వైరస్‌తో సహా. కుర్రవి తట్టుకున్నాయి. ముసలివి దాదాపు అన్నీ చచ్చిపోయాయి. ఫైసెటిన్ ఇచ్చిన ముసలివాటిలో చావులు బాగా తగ్గాయి, వైరస్ మీద యాంటీబాడీలు కూడా మెరుగయ్యాయి. నిజంగా ముసలి జంతువు, నిజమైన జబ్బు, చావు బతుకుల లెక్క. ఇలాంటి పేపరు చదివితే టీ చల్లారిపోయినా పట్టించుకోను.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. అమెరికా ప్రభుత్వ వృద్ధాప్య పరిశోధన సంస్థ కింద ఐటీపీ అని ఒక కార్యక్రమం నడుస్తుంది. ఒకే పదార్థాన్ని మూడు వేర్వేరు ఊళ్ళలో, రకరకాల జన్యువులు కలిసిన చిట్టెలుకల మీద, మగా ఆడా రెండింటి మీదా పరీక్షిస్తారు. మన భాషలో చెప్పాలంటే మూడు ఊళ్ళ పంచాయతీ. అక్కడ వాళ్ళు ఎంచుకున్న మోతాదుల్లో ఫైసెటిన్ ఆయుష్షు పెంచలేదు. ద్రాక్షలోని రెస్‌వెరట్రాల్, పసుపులోని కర్క్యుమిన్, గ్రీన్ టీ సారం కూడా ఆ పంచాయతీలో గెలవలేదు. 2009లో అక్కడ గెలిచిన రాపమైసిన్ అనే మందు మొక్క నుంచి వచ్చింది కాదు, ఈస్టర్ దీవి మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి వచ్చింది.

ఆయుష్షు పెరగకపోతే ఇమ్యూనిటీకి పనికిరాదని కాదు, అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఈ తేడా చెప్పేసరికి వింటున్నవాళ్ళు సముద్రం వైపు చూడటం మొదలుపెడతారు.

ఫైసెటిన్ స్ట్రాబెర్రీలో ఉందన్నారు. లంబసింగి స్ట్రాబెర్రీ తింటే సరిపోతుందా?

లెక్క వేద్దాం. ఎలుక మోతాదుని బరువు చూసి సూటిగా హెచ్చించకూడదు. చిన్న జంతువు ఒంట్లో అన్నీ వేగంగా ఖర్చయిపోతాయి. అందుకే చిట్టెలుక మోతాదుని సుమారు 12తో, దానికంటే పెద్దదైన ఎలుక (ర్యాట్) మోతాదుని సుమారు 6తో భాగిస్తారు. చిట్టెలుకకి కిలోకి 100 మి.గ్రా. ఇచ్చారనుకోండి. మనిషికి కిలోకి 8 మి.గ్రా. అరవై కిలోల మనిషికి దాదాపు 490 మి.గ్రా. స్ట్రాబెర్రీలో గ్రాముకి 160 మైక్రోగ్రాముల ఫైసెటిన్ ఉంటుందని కొలిచారు. అంటే ఒక పూట మోతాదుకి మూడు కిలోల పైన పళ్ళు. ఉల్లిపాయలతో రాబట్టాలంటే వంద కిలోలు.

లంబసింగికి చలికాలంలో వెళ్ళండి, మంచు చూడండి, తోటలో కోసుకున్న పళ్ళు తినండి. మందు అనుకుని మాత్రం తినకండి. మనుషుల మీద ఫైసెటిన్ ట్రయల్స్‌లో కిలోకి 20 మి.గ్రా. చొప్పున మాత్రల రూపంలో ఇస్తున్నారు, అదీ డాక్టర్ల పర్యవేక్షణలో.

మన పాడేరు పసుపు సంగతేమిటి?

పాడేరు పసుపు అంటే నాకూ అభిమానమే, ఇంట్లో అదే వాడతాం. కానీ పసుపు వేరు, కర్క్యుమిన్ వేరు. పసుపు పొడి బరువులో కర్క్యుమిన్ సుమారు 3 శాతం. చెంచా పసుపులో వంద మిల్లీగ్రాములుంటే గొప్ప. అందులో పేగుల్ని దాటి రక్తంలోకి చేరేది ఇంకా కొంచెం. చేరింది కూడా లివర్ వెంటనే బయటికి పంపేస్తుంది.

లాబ్‌లో ఇంకో చిక్కుంది. గాజు పళ్ళెంలో కణాల మీద కర్క్యుమిన్ పోస్తే దాదాపు ప్రతి పరీక్షలోనూ ఏదో ఒక ఫలితం వస్తుంది. అది తనంతట తనే మెరుస్తుంది, విరిగిపోతుంది, కనిపించిన ప్రోటీన్‌కల్లా అంటుకుంటుంది. పరీక్షనే బురిడీ కొట్టిస్తుంది. 2017లో మందుల రసాయన శాస్త్రవేత్తలు ఈ విషయమంతా ఒక పెద్ద వ్యాసంలో ఏకరువు పెట్టారు. అది చదివిన రోజు నా పాత పేపరొకటి బీరువాలోంచి తీసి చూసుకుని, మళ్ళీ లోపల పెట్టేశాను.

మిరియాలు కలిపితే ఎక్కువ ఒంటబడుతుందన్నది నిజమే. 1998లో బెంగళూరు సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్ళు మనుషుల మీద చూపించారు: 2 గ్రాముల కర్క్యుమిన్‌కి మిరియాల్లో ఉండే పైపరిన్ 20 మి.గ్రా. తోడైతే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు. అయితే లివర్ చేసే పనికి అడ్డుపడటం ద్వారానే పైపరిన్ ఈ పని చేస్తుంది. ఆ అడ్డు మీరు వేసుకునే బీపీ మాత్రకీ, ఫిట్స్ మాత్రకీ కూడా తగలొచ్చు. చారులో మిరియాలకి భయపడక్కర్లేదు. కర్క్యుమిన్, పైపరిన్ కలిపిన క్యాప్సూళ్ళు కొనేముందు మాత్రం మీ మందుల చీటీ డాక్టరుకి చూపించండి.

పిప్పళ్ళు?

మన ఏజెన్సీలో వేళ్ళ కోసం పండించి, మోడి పేరుతో అమ్మే పంట. అందులోని పైపర్‌లాంగుమిన్ సెనసెంట్ కణాల్ని చంపుతుందని 2016లో అమెరికాలో గాజు పళ్ళెంలో చూపించారు. పళ్ళెం నుంచి ముసలి చిట్టెలుక దాకా, అక్కడ్నుంచి మన దాకా చాలా దూరం. బాలింతకి పెట్టే పిప్పలి మోడి కారం తినడానికి ఆ పేపరుతో పనేముంది?

తిప్పతీగ, అశ్వగంధ వాడితే తప్పా? మొక్కలే కదా.

గన్నేరూ మొక్కే.

కోవిడ్ రోజుల్లో మా వీధిలో గోడకి పాకిన తిప్పతీగ మొదలంటా కోసేశారు. పరగడుపున గ్లాసెడు కషాయం, నెలల తరబడి. ఆ తర్వాత 2021లో ముంబై డాక్టర్లు తిప్పతీగ వాడినవాళ్ళలో లివర్ దెబ్బతిన్న కేసులు ప్రచురించారు. లివర్ మీద ఒంట్లోని ఇమ్యూనిటీయే దాడి చేసినట్టుగా కనిపించింది. ఆయుష్ మంత్రిత్వశాఖ దాన్ని ఒప్పుకోలేదు, వేరే తీగని పొరబడి వాడి ఉంటారంది. ఆ మాటలోనూ కొంత బలముంది, తిప్పతీగలో దగ్గరి పోలికల జాతులున్నాయి. గోడ మీద తీగ ఏదో మీకు నిజంగా తెలుసా అన్నదే నా ప్రశ్న కూడా. అశ్వగంధ వల్ల కూడా లివర్ జబ్బు వచ్చిన కేసులు నమోదయ్యాయి. డెన్మార్క్ అయితే హార్మోన్ల మీద దాని ప్రభావం లాంటి కారణాలతో 2023లో దాన్ని నిషేధించింది.

"ఇమ్యూనిటీ పెంచాలి" అన్న మాటే నాకు నచ్చదు. ముసలి ఒంట్లో ఒక పక్క ఇమ్యూనిటీ చాలదు, ఇంకో పక్క ఎక్కువై వాపు తెస్తుంది. కీళ్ళవాతం, థైరాయిడ్, సోరియాసిస్ లాంటివి ఉన్నవాళ్ళ ఒంట్లో అది ఇప్పటికే మన మీదే తిరగబడి ఉంది. దాన్ని ఇంకా రెచ్చగొట్టి ఏం బావుకుంటాం? లివర్ జబ్బు ఉన్నవాళ్ళు, అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వీటి జోలికి అసలు పోకూడదు.

టెలోమియర్లు పెంచే మొక్క ఉందటగా?

టెలోమియర్లంటే క్రోమోజోముల కొసల్లో ఉండే తొడుగులు, కణం విభజన చెందేకొద్దీ పొట్టివవుతాయి. మీరు చైనా వైద్యంలో వాడే ఆస్ట్రగాలస్ వేరు నుంచి తీసిన టీఏ-65 గురించి అడుగుతున్నారు. 2011లో చిట్టెలుకలకి ఇచ్చి చూశారు. మరీ పొట్టివైన టెలోమియర్లు తగ్గాయి, ఆయుష్షు మాత్రం పెరగలేదు. డబ్బా ధర చూసి మీరే నిర్ణయించుకోండి.

మా నాన్నగారికి 74. మొక్కల నుంచి వచ్చినదాంట్లో ఆయన ఇమ్యూనిటీకి నిజంగా పనికొచ్చేది ఒక్కటైనా చెప్పండి.

ఒకటుంది. ఎవరూ నన్ను దాని గురించి అడగరు, ఎందుకంటే అది కషాయం కాదు, సూది.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినవాళ్ళ నరాల్లో ఆ వైరస్ నిద్రపోతుంటుంది. ముసలితనంలో ఇమ్యూనిటీ సడలగానే లేచి, నడుముకో ఛాతీకో ఒకే పక్కన బొబ్బలతో, మంటతో వస్తుంది. మన వైపు సర్పి అంటారు, కొందరు అక్కి అంటారు. బొబ్బలు మానినా నెలల తరబడి నొప్పి వదలని పెద్దవాళ్ళని మీరూ చూసే ఉంటారు. దీనికి షింగ్రిక్స్ అనే టీకా ఉంది, మన దేశంలో 2023 నుంచి దొరుకుతోంది. మామూలుగా టీకాలు ముసలివాళ్ళలో సరిగా పనిచేయవు, కొత్త టీ-కణాల కరువు వల్ల. ఈ టీకా మాత్రం పెద్ద ట్రయల్స్‌లో యాభై దాటినవాళ్ళలో 97 శాతం, డెబ్భై దాటినవాళ్ళలో దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చింది.

దాని గుట్టు అందులో కలిపిన సహాయక మందులో ఉంది. ఆ మందులో రెండు ముఖ్యమైన సరుకులు. ఒకటి బ్యాక్టీరియా నుంచి తీసింది. రెండోది క్యూఎస్-21, చిలీ దేశంలో పెరిగే క్విల్లాయా చెట్టు బెరడు నుంచి తీసిన సాపొనిన్. సాపొనిన్ అంటే మన కుంకుడుకాయలో నురగ తెప్పించే పదార్థాల జాతి. కుంకుడు చెట్టూ క్విల్లాయా బంధువులు కావు గానీ నురగ ఒకటే, అక్కడివాళ్ళూ ఆ బెరడుతో తల రుద్దుకునేవారు. ఆ బెరడు సారంలో పదార్థాల్ని ఒక్కొక్కటిగా విడదీస్తూ పోతే, ఇరవై ఒకటో భాగంలో దొరికింది కాబట్టి 21. మొదట చిట్టెలుకల్లో పరీక్షించి, తర్వాత ఏళ్ళ తరబడి మనుషుల్లో పరీక్షించి, ఒక్కో డోసులో 50 మైక్రోగ్రాములు చాలునని తేల్చారు. మొక్క నుంచి వచ్చిన పదార్థం ముసలి ఇమ్యూనిటీని లేపడం అంటే ఇదీ. కుంకుడు రసం మాత్రం తాగకండి, దయచేసి. సాపొనిన్ ఎర్రరక్తకణాల్ని చీల్చేస్తుంది, కడుపులోకి వెళ్తే వాంతులు తప్పవు.

నాన్నగారికి ఈ టీకా రెండు డోసులు, రెండు నుంచి ఆరు నెలల తేడాతో పడుతుంది. ధర ఎక్కువే. ఏటా వేసే ఫ్లూ టీకా గురించి, న్యుమోనియా టీకా గురించి కూడా ఆయన డాక్టరుని అడగండి. సూది వేసిన మర్నాడు చెయ్యి నొప్పి, జ్వరం వచ్చి తిట్టుకుంటారు. మా ఆవిడ నన్ను రెండు రోజులు తిట్టింది.

ఇంత పని చేయించుకున్న ఎలుకల్ని చివరికి ఏం చేస్తారు?

ఇది పెద్దవాళ్ళు అడగరు. ఒకసారి సైన్స్ ఫెయిర్‌లో తొమ్మిదో తరగతి పాప అడిగింది. ఏదో చెప్పి దాటవేద్దామనుకున్నాను గానీ ఆ పిల్ల కదల్లేదు.

చంపేస్తాం. థైమస్, ప్లీహం చూడాలంటే వేరే దారి లేదు. ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు చేసే పని కాదిది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఒక కేంద్ర కమిటీ ఉంది, పాత పేరు సీపీసీఎస్ఈఏ, ఇప్పుడు సీసీఎస్ఈఏ. అక్కడ నమోదైన సంస్థలోనే ప్రయోగం చేయాలి. ఎన్ని జంతువులు, ఎందుకు, ఇంతకంటే తక్కువతో కాదా అని సంస్థలోని ఎథిక్స్ కమిటీ ముందు అడుగుతుంది. మా కమిటీలో బయటి నుంచి వచ్చే సభ్యురాలు ఒకావిడ ఉండేది, సైన్సు చదవని మనిషి. "నలభై ఎనిమిది ఎందుకండీ, ముప్పై ఆరు చాలవా?" అని ప్రతిసారీ అడిగేది. విసుక్కునేవాళ్ళం. సగంసార్లు ముప్పై ఆరే చాలేవి.

నొప్పి తెలియకుండా మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇచ్చి చంపుతాం. అవయవాలు తీశాక మిగిలినదాన్ని పసుపు సంచిలో కట్టి, బయోమెడికల్ వ్యర్థాల బండికి ఇస్తే కాల్చేస్తారు. అంతా విని ఆ పాప, "వాటికి పేర్లు పెడతారా అంకుల్?" అంది. పెట్టం, తోక మీద మార్కర్‌తో గీతలు పెడతాం, ఒకటో నంబరుకి ఒక గీత, రెండో నంబరుకి రెండు. నాలుగు రోజులకోసారి ఆ గీతలు చెరిగిపోతే మళ్ళీ పెట్టాలి.